మామిడి పూత మీద వాలిన ఈగను తోలకండి



సంక్రాంతి దాటాక ఒక ఆదివారం అయ్యనార్ కోయిల్ దారిలో వెళ్లి చూడండి. కొండ అడుగున మామిడి తోపులు పూతతో నిండి కనిపిస్తాయి. మన ఊరి సప్పట్టై మామిడి కావచ్చు, ఉగాది పచ్చడిలో వేసుకునే పుల్లటి ముక్క కావచ్చు, అంతా ఆ పూతలోంచి రావాల్సిందే. మరి పూత కాయ ఎలా అవుతుంది? అందులో ఎవరి పని ఎంత?

తేనెటీగల గురించి చెప్పేటప్పుడు బాదం తోటల ఉదాహరణ ఎక్కువగా వస్తుంది. మన వీధుల్లో నీడ కోసం పెంచే వెడల్పాటి ఆకుల బాదం చెట్టు కాదది, అది వేరే జాతి. రాత్రి నానబెట్టి పొద్దున తినే బాదంపప్పు చెట్టు మన దేశంలో కశ్మీర్ లాంటి చలి ప్రాంతాల్లో పెరుగుతుంది. ప్రపంచంలో బాదం ఎక్కువగా పండేది అమెరికాలోని కాలిఫోర్నియాలో. చాలా బాదం రకాలు తమ పుప్పొడితో తామే కాయ కట్టలేవు. పక్కన ఉన్న వేరే రకం చెట్టు పుప్పొడి కావాలి, దాన్ని మోసుకొచ్చేది తేనెటీగ. అందుకే ఫిబ్రవరిలో పూత సమయానికి ఆ దేశంలోని తేనెటీగల పెట్టెల్లో సగానికి పైగా లారీల మీద ఆ తోటలకు చేరతాయి. రైతులు వాటికి అద్దె కడతారు.

మన మామిడికి అద్దె ఈగలు అక్కర్లేదు. కానీ ఈగలు మాత్రం కావాలి.

ఒక్క మామిడి పూగుత్తిలో వందల నుంచి వేల పూలు ఉంటాయి. వాటిలో చాలావరకు మగపూలే. కాయ కట్టగలిగేవి రెండు లక్షణాలూ ఉన్న పూలు మాత్రమే. ఒక్కో పువ్వులో పుప్పొడి ఇచ్చే కేసరం సాధారణంగా ఒకటో రెండో. ఆ పుప్పొడి కూడా జిగటగా ఉంటుంది, గాలికి బాగా ఎగరదు. దశేరి, లంగ్డా లాంటి రకాలకైతే బాదం లాగే వేరే రకం పుప్పొడి అవసరం. అంతా బాగున్నా నూరు పూలలో ఒక్కటి కూడా పండేదాకా నిలవదు.

మామిడి పూతకు తేనెటీగలు వస్తాయి, కుట్టని చిన్న తేనెటీగలూ వస్తాయి. కానీ చాలా తోటల్లో ఎక్కువ పని చేసేవి మామూలు ఈగలు. మనం ఛీ అని తోలే నీలి ఈగ కూడా అందులో ఒకటి. తైవాన్‌లో కొందరు మామిడి రైతులు ఈగలు రావాలని పూత కాలంలో తోటలో చేపల వ్యర్థాలు పెడతారు!

ఇక్కడే మన చేతిలో ఉన్న విషయం ఒకటుంది. పూతకు తేనెమంచు పురుగు, బూడిద తెగులు వస్తాయి. వాటిని వదిలేస్తే పూత మాడి రాలిపోతుంది, కాబట్టి మందు కొట్టక తప్పని సందర్భాలు ఉంటాయి. కానీ పూలు విచ్చుకుని ఉన్నప్పుడు పురుగుమందు కొడితే పురుగుతో పాటు ఈగలూ, తేనెటీగలూ చస్తాయి. పూత నిండుగా ఉన్నా పిందె పట్టదు. అందుకని తోపు ఉన్నవాళ్లు, తోపు గుత్తకు ఇచ్చినవాళ్లు ఈ మాటలు గుర్తుపెట్టుకోండి:

పూమొగ్గ బయటికి వస్తున్నప్పుడే చెట్టును చూసుకోండి. మందు అవసరమైతే పూలు విచ్చకముందే కొట్టించండి. పూలు విచ్చాక ఆపండి. మరీ తప్పదంటే ఉద్యానశాఖ అధికారిని అడిగి, ఈగలు తిరగని సాయంత్రం వేళ కొట్టించండి. తోపు గట్ల మీద పూసే కలుపు మొక్కలన్నిటినీ పీకేయకండి, మామిడి పూత లేని నెలల్లో ఈగలకు అవే తిండి.

పిల్లలూ, మీకొక చిన్న పని. ఇంట్లో గాని, తాతయ్య తోపులో గాని పూసిన చెట్టు ఉంటే, పూలు విచ్చకముందే రెండు గుత్తులకు సన్నటి దోమతెర గుడ్డ కట్టండి. పక్కనే రెండు గుత్తులు అలాగే వదిలేయండి. పొద్దున పది నిమిషాలు నిలబడి, వదిలేసిన గుత్తుల మీద ఏమేం వాలాయో లెక్కపెట్టండి: తేనెటీగ ఎన్ని, ఈగ ఎన్ని, చీమ ఎన్ని. పూత అయిపోయాక గుడ్డ విప్పి, రెండు చోట్లా పిందెలు లెక్కపెట్టి నోట్‌బుక్‌లో రాసుకోండి, సైన్స్ టీచర్‌కు చూపించండి. తేనెపట్టు ఉంటే మాత్రం దగ్గరికి వెళ్లొద్దు, రాయి విసరొద్దు.

వచ్చే ఉగాదికి పచ్చడిలో మామిడి ముక్క నోట్లో పెట్టుకున్నప్పుడు, దాన్ని మన దాకా తెచ్చినవాళ్లలో ఒక ఈగ కూడా ఉందని ఇంట్లో అందరికీ చెప్పండి.