డివైస్ ట్రీ చరిత్రము

చెన్నై నుండి కలకత్తాకు పోవు జాతీయ రహదారియు, హైదరాబాదు నుండి మచిలీపట్నమునకు పోవు బందరు రోడ్డును కలిసికొను బెజవాడ బెంజ్ సర్కిల్ చుట్టుపట్ల, ఇండ్లలోను అంగళ్లలోను, సెట్‌టాప్ బాక్సులు, వైఫై రౌటర్లు, సీసీ కెమెరాల రికార్డర్లు అహోరాత్రములు పనిచేయుచున్నవి. వీనిలో పెక్కింటి లోపల అరచేతి వెడల్పు గల యొక బోర్డు, దానిపై నడచు లినక్స్ కెర్నెల్ ఉండును. కరెంటు వచ్చిన క్షణముననే ఆ కెర్నెల్ తెలిసికొనవలసిన సంగతులు కొన్ని గలవు: తాను మేల్కొన్నది ఏ బోర్డుపైన, మెమరీ ఎంత, సీరియల్ పోర్టు ఏ చిరునామాయందున్నది, నెట్‌వర్కు చిప్ ఏ తీగ ద్వారా తన్ను పిలుచును అనునవి.

బల్లమీది కంప్యూటరులో ఈ చిక్కు స్వల్పము. యూఎస్‌బీ, పీసీఐ మార్గములకు తగిలించిన ప్రతి పరికరమును, అడిగినంతనే తన తయారీదారు సంఖ్యను, తన రకపు సంఖ్యను చెప్పును. చిన్న బోర్డులపై నుండు చిప్‌లలో అనేకములకు ఆ నోరు లేదు. ఐటూసీ యను రెండు తీగల మార్గముపై ఒక చిరునామాను పిలిచినచో, అచట ఎవరో ఉన్నారన్న సంజ్ఞ మాత్రమే వచ్చును గాని, అది ఉష్ణమును కొలచు చిప్పో, గడియారపు చిప్పో తెలియదు. తెలియక ఏదో వ్రాసి పరీక్షింపబోయినచో లోపలి అమరికలు చెడిపోవుటయు గలదు. కావున ఎరిగినవారు ముందుగా వ్రాసి యిచ్చిన వర్ణనయే కెర్నెల్‌కు శరణ్యము. ఆ వర్ణనయే డివైస్ ట్రీ.

ప్రకాశం బ్యారేజి క్రింద వ్యవసాయము చేయు రైతునకు దీని రూపము క్రొత్తగా తోపదు. బ్యారేజి మూలము, దాని నుండి ఏలూరు కాలువ, రైవస్ కాలువ, బందరు కాలువ, వాని నుండి పిల్ల కాలువలు, వానిపై తూములు, బోదెలు. మూడవ తూమన్న చాలదు, ఏ కాలువపై మూడవదో చెప్పవలెను. డివైస్ ట్రీలోను అట్లే: మూలము క్రింద ప్రాసెసర్లు, మెమరీ, మార్గములు, మార్గముల క్రింద పరికరములు, ప్రతి పరికరపు చిరునామాయు దాని మార్గమును బట్టియే అర్థవంతమగును. ‘రెగ్’ అను గుణము చిరునామాను, ‘ఇంటరప్ట్స్’ అను గుణము పిలుపు తీగను, ‘కంపాటిబుల్’ అను గుణము తయారీదారును, చిప్ రకమును చెప్పును. ఈ మూడవదానిని చూచియే కెర్నెల్ తనయొద్దనున్న డ్రైవర్లలో తగినదానిని ఎన్నుకొనును. పిలుపు తీగలు మాత్రము ఈ శాఖాక్రమమును పాటింపవు. ఒక కొమ్మపైనున్న పరికరము వేరొక కొమ్మపైనున్న కంట్రోలరును పిలువవలసి వచ్చును గనుక, కొమ్మనుండి కొమ్మకు గురుతులతో ముడి వేయుదురు.

ఈ భావము చిన్న బోర్డుల కొరకు పుట్టినది కాదు. 1980ల చివర సన్ మైక్రోసిస్టమ్స్‌లో మిచ్ బ్రాడ్లీ ఓపెన్‌బూట్‌ను నిర్మించెను. ఇతరులు చేసి అమ్ము కార్డులు ఏ ప్రాసెసరుపైన నైనను తమ్ము తామే పరిచయము చేసికొనునట్లు, ఫోర్త్ భాషలోని చిన్న కార్యక్రమమును కార్డులోనే నిలుపుట అందలి చమత్కారము. అదియే 1994లో ఐఈఈఈ 1275 ప్రమాణమై, ఓపెన్ ఫర్మ్‌వేర్ అను పేర ఆపిల్ సంస్థ పవర్‌పీసీ యంత్రములకును చేరెను. కాని చిన్న బోర్డులలో ఫోర్త్ ఇంటర్‌ప్రెటరుకు చోటెక్కడిది? 2005 ప్రాంతమున లినక్స్‌లో 32 బిట్ల, 64 బిట్ల పవర్‌పీసీ శాఖలను ఏకము చేయు సందర్భమున, బెంజమిన్ హెరెన్‌ష్మిట్ ఓపెన్ ఫర్మ్‌వేర్‌లోని పరికర వృక్షమును మాత్రము గ్రహించి, ఇంటర్‌ప్రెటరును విడిచి, బైట్ల వరుసగా చదును చేసి కెర్నెల్ చేతికిచ్చు పద్ధతిని రూపొందించెను. అక్షరములలో వ్రాసిన వర్ణనను ఆ బైట్ల వరుసగా మార్చు సాధనము డీటీసీ.

ఏఆర్ఎం ప్రాసెసర్ల లోకము ఇంకను వేరు దారిననే ఉండెను. ప్రతి బోర్డునకు ఒక సంఖ్య. ఆ సంఖ్యను ప్రాసెసరులోని ఒక రిజిస్టరునందుంచి కెర్నెల్‌ను పిలుచుట. ఆ బోర్డు వివరములన్నియు కెర్నెల్ లోపలనే సీ భాషలో వ్రాసి యుంచుట. ఫోన్లు, బోర్డులు వేలకు పెరిగిన కొలది ఆ ఫైళ్లు గుట్టలై, 2011 మార్చిలో లినక్స్ కర్త లైనస్ టోర్వాల్డ్స్ బహిరంగముగ ఆగ్రహించెను. గ్రాంట్ లైక్లీ మొదలగువారు అప్పటికే సాగించుచున్న డివైస్ ట్రీ ప్రయత్నమునకు దానితో ఊపు వచ్చెను. 2012 డిసెంబరులో వెలువడిన 3.7 కెర్నెల్‌లో, ఒకే కెర్నెల్ పలు ఏఆర్ఎం బోర్డులపై నడచుట సాధ్యమయ్యెను.

మన తెలుగునాట డివైస్ ట్రీకి ప్రత్యేకమైన అవసరము హైదరాబాదులో కనబడును. 2022లో ఏఎండీలో కలిసిన జైలింక్స్ సంస్థకు అచట పెద్ద కార్యాలయము గలదు. వారి జింక్ చిప్‌లో ఏఆర్ఎం ప్రాసెసరు ప్రక్కన ఎఫ్‌పీజీఏ యుండును. అనగా అందలి హార్డ్‌వేర్, ఇంజనీరు సంకల్పమును బట్టి, నేడొక రూపము, రేపొక రూపము దాల్చును. అట్టిదానిని కెర్నెల్‌లో ముందే వ్రాసి యుంచుట ఎవరి తరము? హార్డ్‌వేర్‌తో పాటు దాని వర్ణనయు మారవలసినదే. అందుకే డివైస్ ట్రీ శక్తి నాకు ఇచట కనబడినంత స్పష్టముగా మరెచ్చటను కనబడదు.

ఐనను ఈ వర్ణన ఉన్నదానిని చెప్పవలెను గాని, కెర్నెల్ ఎట్లు నడువవలెనో శాసింపరాదు; నిన్నటి వర్ణనతో రేపటి కెర్నెల్ మేల్కొనవలెను. ఈ నియమమును కొందరు చాదస్తమందురు. నేనట్లనుకొనను. తయారీదారులనేకులు ఒక పాత కెర్నెల్‌కు తమ మార్పులను అతికించి పెట్టెను అమ్మి, వర్ణనను ప్రకటింపక, రెండు మూడేండ్లకు దానిని మరచిపోవుదురు. చిప్‌లన్నియు ఆరోగ్యముగ నున్నను ఆ పెట్టె పాత సామాను బండి యెక్కును. ఇది నాకు మిక్కిలి బాధ కలిగించు విషయము. వర్ణన బహిరంగమైన బోర్డుకు పదేండ్ల తరువాతనైనను ఎవరో ఒకరు క్రొత్త కెర్నెల్‌ను ఎక్కింపగలరు. ప్రకటింపని బైట్ల వరుసను సైతము పెట్టె ఫ్లాష్ నుండి తీసి, డీటీసీని వెనుకకు నడపి, తిరిగి అక్షరములుగా మార్చవచ్చును; వ్రాసినవారి వ్యాఖ్యలు, కొన్ని పేళ్లు పోవును గాని చిరునామాలన్నియు దక్కును.

బెంజ్ సర్కిల్ దాటి బందరు రోడ్డున పటమట, ఆటోనగర్, కానూరుల మీదుగ పోవు ఇంజనీరింగు విద్యార్థి యెవడైనను తన రాస్‌బెర్రీ పైలో ప్రాక్ డైరెక్టరీలోని డివైస్-ట్రీని తెరచినచో, వృక్షమంతయు డైరెక్టరీలుగ కొమ్మలు సాచి కనబడును. ‘మోడల్’ అను ఫైలును చదివినచో బోర్డు పేరు, దాని రూపాంతర సంఖ్యయు వచ్చును.