చిత్రకళా మూలసూత్రాలు: అపోహలు – వాస్తవాలు

చిత్రకళను పరిచయం చేసే పాఠ్యపుస్తకాలు సాధారణంగా రెండు పట్టికలతో మొదలవుతాయి. రేఖ, ఆకారం, ఘనరూపం, వర్ణం, చిత్రకారులు టోన్ అని పిలిచే వెలుగునీడల స్థాయి, ఉపరితలం గరుకో నునుపో తెలిపే టెక్స్చర్, వస్తువుల మధ్య, వాటి చుట్టూ పరచుకొని ఉండే స్థలం అనేవి మూలాంశాలుగా ఒక పట్టికలోను, వీటిని ఒకచోట కూర్చే పద్ధతులైన సమతుల్యత, లయ, వైరుధ్యం, ప్రాధాన్యం, నిష్పత్తి, ఏకత అనేవి సూత్రాలుగా మరొక పట్టికలోను కనిపిస్తాయి. నేర్చుకునేవారికి ఇవి అక్కరకు వచ్చేవే. అయితే చిత్రాన్ని చూసినప్పుడు కంటికి కలిగే అనుభవాలకు పెట్టుకున్న ఈ పేర్లను, ఉల్లంఘిస్తే బొమ్మ చెడిపోయే శాసనాలుగా భావించడం వల్ల వాటి చుట్టూ అనేక అపోహలు పేరుకుపోయాయి. ఒక్కొక్క సూత్రం ఎప్పుడు, ఎక్కడ, ఏ అవసరం కోసం పుట్టిందో పరిశీలిస్తే వీటిలో చాలావరకు నిలవవు.

పట్టికల పుట్టుక

ఈ పట్టికలు అనాదిగా ఉన్నాయని కొందరు, ఇలాంటి ఆలోచన పాశ్చాత్యుల నుంచే మనకు వచ్చిందని మరికొందరు నమ్ముతారు. రెండూ సరికావు. బడులలో నేడు కనిపించే వరుసకు దారితీసిన వాటిలో, అమెరికన్ అధ్యాపకుడు ఆర్థర్ వెస్లీ డౌ జపాన్ చిత్రాలను అధ్యయనం చేసి 1899లో ప్రచురించిన 'కాంపోజిషన్' అనే గ్రంథం ఒకటి. 1919లో జర్మనీలోని వైమార్‌లో ప్రారంభమైన బౌహౌస్ పాఠశాల మరొకటి. అక్కడ బోధించిన కాండిన్‌స్కీ బిందువు, రేఖ, తలం అనే మూడింటిపై 1926లో ఒక గ్రంథమే వెలువరించగా, అంతకుముందే, 1922 డిసెంబరులో, ఆ పాఠశాల కళాకారుల చిత్రాలు కలకత్తాలో ప్రదర్శితమయ్యాయి.

భారతీయ చిత్రకళకు ఆరు అంగాలను వాత్స్యాయనుడు కామసూత్రంలో చెప్పాడన్నది విద్యావంతుల్లో కూడా బలంగా ఉన్న మరొక అపోహ. కామసూత్రం అరవై నాలుగు కళల వరుసలో ఆలేఖ్యాన్ని, అంటే చిత్రలేఖనాన్ని, పేర్కొని ఊరుకుంటుంది. ఆరు అంగాలను వివరించినది ఆ గ్రంథానికి యశోధరుడు రాసిన 'జయమంగళ' వ్యాఖ్య కాగా, దానిని పండితులు సాధారణంగా పదమూడవ శతాబ్దానికి చెందినదిగా భావిస్తారు. రూపాల మధ్య తేడాను గుర్తించే రూపభేదం, కొలతలకు సంబంధించిన ప్రమాణం, మనోస్థితిని పలికించే భావం, శోభను కూర్చే లావణ్యయోజనం, చూసినదానితో పోలికను నిలిపే సాదృశ్యం, రంగులను, కుంచెను వాడే నేర్పుకు సంబంధించిన వర్ణికాభంగం అనేవే ఆ ఆరు. పాఠ్యపుస్తకపు పట్టికలో భావానికి, లావణ్యానికి చోటు లేకపోవడం పెద్ద లోటు.

అంతకంటె పాతదైన విష్ణుధర్మోత్తర పురాణంలోని చిత్రసూత్రం చూసేవారిని కూడా లెక్కలోకి తీసుకుంటుంది. ఆచార్యులు రేఖను, విచక్షణ గలవారు ఛాయను, స్త్రీలు అలంకారాలను, తక్కినవారు రంగుల నిండుదనాన్ని మెచ్చుకుంటారని అది చెబుతుంది. ఆనాటి సమాజపు ముద్ర ఉన్న ఆ విభజనను నేడు యథాతథంగా అంగీకరించనవసరం లేదు గాని, రేఖకు అది ఇచ్చిన అగ్రస్థానం ఎంత సమంజసమో తెలియాలంటే పదహారవ శతాబ్దపు లేపాక్షి వీరభద్రాలయంలో నాట్యమండపం పైకప్పును చూడాలి. అక్కడి స్త్రీమూర్తుల చీరలలో రంగు చదునుగా, నీడలు లేకుండా పరచి ఉండగా, బట్ట మడతను, కుచ్చిళ్ల బరువును, నడుము ఒంపును చెప్పే పనంతా ఆ రంగుపై సాగిన నల్లని గీతే చేస్తుంది. గీత అంటే బొమ్మ అంచు మాత్రమేనన్న అభిప్రాయం ఆ పైకప్పు కింద నిలవదు.

మూడు రంగుల కథ

ఎరుపు, పసుపు, నీలం అనే మూడు మూలవర్ణాలను కలిపితే లోకంలోని రంగులన్నీ వస్తాయని పిల్లలకు నేర్పుతారు. ఈ మాటలో సగమే నిజం. నాట్యశాస్త్రం తెలుపు, నీలం, పసుపు, ఎరుపు అనే నాలుగింటిని మూలవర్ణాలుగా తీసుకొని, నీలం పసుపుల కలయికతో ఆకుపచ్చ, తెలుపు ఎరుపుల కలయికతో పద్మవర్ణం పుడతాయని చెబుతుంది. నేటి ముద్రణాలయం సయాన్ అనే ఆకాశనీలాన్ని, మజెంటా అనే గులాబీ ఛాయ ఎరుపును, పసుపును, వాటికి తోడు నలుపును వాడుతుండగా, సెల్‌ఫోన్ తెర ఎరుపు, ఆకుపచ్చ, నీలం కాంతులతో పనిచేస్తుంది. కాంతికి కాంతి తోడైనప్పుడు వెలుగు పెరుగుతుంది, రంగుకు రంగు కలిసినప్పుడు రెండూ తమ వంతు కాంతిని పీల్చుకోవడం వల్ల వెలుగు తగ్గుతుంది; ఈ రెండు పనులకు ఒకే మూడు రంగులు సరిపోవు. బడిపిల్లల రంగుపెట్టెలోని ఎరుపును నీలంతో కలిపితే ఊదాకు బదులు తరచు మురికి గోధుమరంగు రావడానికి కారణం పిల్లల చేతకానితనం కాదు, ఆ రెండు పదార్థాలు కలిసి కాంతిలో ఎక్కువ భాగాన్ని మింగివేయడమే.

రంగు అనేది పదార్థం చేసే పని అన్న సంగతి శ్రీకాళహస్తి కలంకారీలో కళ్లకు కట్టినట్టు కనిపిస్తుంది. కరక్కాయ రసంలోను, పాలలోను తడిపి ఆరబెట్టిన నూలుబట్టపై, ఇనుప ముక్కలను బెల్లం నీళ్లలో రోజుల తరబడి నానబెట్టి తీసిన కసింకారంతో గీత గీస్తారు. కరక్కాయలోని టానిన్ ఇనుముతో కలవడం వల్ల ఆ గీత బట్టమీదనే నల్లబడుతుంది. ఎరుపును నేరుగా పూయరు. ఎరుపు కావలసినచోట పటిక నీటిని కలంతో అద్ది, తర్వాత బట్టను ఎర్రరంగునిచ్చే వేరుతోనో చెక్కతోనో ఉడికిస్తే, పటిక ఉన్నచోటనే ఎరుపు గట్టిగా పట్టి తక్కినచోట్ల ఉతుకుల్లో పోతుంది. ఆకుపచ్చను కూడా పళ్లెంలో కలపరు. పసుపుపై నీలిమందును పరిచి బట్టమీదనే రప్పిస్తారు. అక్కడి కళాకారులకు వర్ణచక్రం కంటె నీరు, ఎండ, ఉడుకు, వేరు ముఖ్యమైన పాఠాలు.

ఒక రంగు ఎక్కడ ఉన్నా ఒకేలా కనిపిస్తుందన్నది దీనికి అనుబంధంగా ఉన్న అపోహ. పారిస్‌లోని గోబెలిన్ నేతశాలలో అద్దకం విభాగానికి అధిపతిగా ఉన్న రసాయన శాస్త్రవేత్త షెవ్రోల్‌కు, నీలం, ఊదా వస్త్రాల నీడలకు వాడిన నల్లదారం వెలవెలబోతోందని ఫిర్యాదులు వచ్చాయి. ఆ దారాన్ని ఇతర నేతశాలల నల్లదారాలతో పోల్చి చూసి, లోపం అద్దకంలో లేదని, పక్కనున్న నీలమే నలుపును చప్పగా చూపుతోందని ఆయన గ్రహించాడు. ప్రతి రంగూ తన పక్కనున్నదానిని తన విరుద్ధవర్ణం వైపు నెట్టినట్టు కంటికి తోచే ఈ గుణాన్ని ఏకకాలిక వైరుధ్యం అంటారు. దీనిపై ఆయన గ్రంథం 1839లో వెలువడింది. అంచు రంగును విడిగా గాక చీర ఒడలి రంగుపై ఆనించి చూసి ఎంచుకునేవారు ఆచరిస్తున్నది ఈ సూత్రాన్నే.

నీలం ప్రశాంతతకు, ఎరుపు కోపానికి గుర్తు అనే సార్వత్రిక పట్టికలను కూడా జాగ్రత్తగానే స్వీకరించాలి. రౌద్రానికి ఎరుపును కేటాయించిన నాట్యశాస్త్రమే బీభత్సానికి నీలాన్ని, హాస్యానికి తెలుపును కేటాయించింది. తెలుగునాట వైధవ్యానికి గుర్తుగా నిలిచిన తెల్లని బట్టే, ఎర్రని అంచు తోడైతే, వధూవరులు కట్టుకునే మధుపర్కం అవుతుంది.

బంగారు నిష్పత్తి, తాళమానం

సుమారు 1.618కి సమానమైన స్వర్ణ నిష్పత్తి ప్రాచీన గ్రీకుల నుంచి లియొనార్డో దాకా గొప్ప కళాకారులందరి రహస్యమని చెప్పే పుస్తకాలకు కొదవ లేదు. ఈ నిష్పత్తికి మిగిలి ఉన్న తొలి స్పష్టమైన నిర్వచనం క్రీ.పూ. 300 ప్రాంతపు యూక్లిడ్ జ్యామితిలో లభిస్తుండగా, ఏథెన్స్‌లోని పార్థినాన్ ఆలయ నిర్మాణం అంతకు సుమారు నూట ముప్పై సంవత్సరాల ముందే ముగిసింది. ఆ ఆలయంలో పదేపదే కనిపించే నిష్పత్తి నాలుగుకు తొమ్మిది. లియొనార్డో బొమ్మలతో లూకా పచోలీ 1509లో వెలువరించిన 'దైవిక నిష్పత్తి' గ్రంథం గణితంలో దానిని కీర్తించిన మాట నిజమే గాని, వాస్తుశిల్పం, మానవ శరీరం దగ్గరికి వచ్చేసరికి ప్రాచీన రోమన్ వాస్తుశిల్పి విట్రూవియస్ చెప్పిన సాధారణ భిన్నాలనే అనుసరించింది. దీనిని సకల సౌందర్యానికీ మూలసూత్రంగా ప్రచారం చేసినవాడు 1854లో జర్మన్ రచయిత జైసింగ్. కొలబద్దను చిత్రంలో ఎక్కడ మొదలుపెట్టి ఎక్కడ ఆపాలో కొలిచేవారే నిర్ణయించుకుంటే కోరిన సంఖ్య ఎప్పుడూ దొరుకుతుంది.

భారతీయ శిల్పులు నిష్పత్తిని మరొక విధంగా ఆలోచించారు. ముఖం పొడవును తాళం అని, అందులో పన్నెండవ వంతును అంగుళం అని లెక్కించి, నవతాళ మూర్తికి 108 అంగుళాల ఎత్తును నిర్ణయించారు. చిత్రసూత్రం పురుషులను 108 అంగుళాల హంసుడు, 106 అంగుళాల భద్రుడు, 104 అంగుళాల మాలవ్యుడు, 100 అంగుళాల రుచకుడు, 90 అంగుళాల శశకుడు అని ఐదు రకాలుగా విభజించింది. పొట్టిగా, బొద్దుగా ఉండే గణపతికి పంచతాళం సరిపోతుంది. ఏ పాత్రకు ఏ కొలత తగినదో నిర్ణయించే ఈ పద్ధతిలో అన్నిటికీ వర్తించే ఒకే ఒక అందమైన సంఖ్యకు చోటు లేదు.

ఫోన్ కెమెరాలో గళ్లుగా కనిపించే మూడో వంతుల నియమం సంగతి కూడా ఇంతే. ఆ పేరుతో దానిని జాన్ థామస్ స్మిత్ 1797లో ప్రకృతి దృశ్యాలు గీసేవారికి సలహాగా చెప్పాడు. సలహాగానే అది మంచిది.

సమతుల్యత, ఖాళీ

రెండు వైపులా ఒకే రకమైన ఆకారాలు ఉంటేనే సమతుల్యత అనుకోవడం వల్ల సౌష్ఠవానికి, సమతుల్యతకు తేడా చెరిగిపోతుంది. 1831 ప్రాంతంలో జపాన్ చిత్రకారుడు హొకుసాయి చెక్కముద్రణకు రచించిన 'మహాతరంగం'లో ఎడమవైపున కెరటం ఆకాశమంత లేవగా, దాని ఒంపు కింద ఫుజి పర్వతం చిన్న ముక్కోణంలా కనిపిస్తుంది. అయినా కెరటపు కొసలన్నీ ఆ దిక్కుకే వంగి ఉండడం వల్ల, కుడివైపు ఆకాశం ఖాళీగా ఉండడం వల్ల చూపు ఆ చిన్న పర్వతం మీదనే నిలుస్తుంది. ఖాళీ స్థలం చిత్రకారుడి బద్ధకమన్న అపోహకు కూడా ఇదే సమాధానం. బాపు బొమ్మల్లో మనిషి చుట్టూ వదిలిన తెలుపును తీసివేస్తే గీతలోని చురుకుదనం సగం పోతుంది.

'దృక్పథం తెలియని' జానపదులు

దూరపు వస్తువులు చిన్నవిగా, సమాంతర రేఖలు ఒకే బిందువులో కలిసేవిగా చూపే పద్ధతిని పర్‌స్పెక్టివ్ లేదా దృక్పథ రచన అంటారు. వాస్తుశిల్పి బ్రూనెలెస్కీ పదిహేనవ శతాబ్దపు తొలినాళ్లలో ఫ్లారెన్స్‌లో ప్రదర్శించి చూపిన ఈ పద్ధతిని ఆల్బెర్టీ 1435లో గ్రంథస్థం చేశాడు. ఇది తెలియకనే చేర్యాల పటాల్లో బొమ్మలు చదునుగా ఉన్నాయనే మాట ఈ అపోహలన్నిటిలోకి అన్యాయమైనది. అవయవాలు కంటికి దగ్గరగా, దూరంగా ఉన్నప్పుడు పెరిగి తరిగి కనిపించడాన్ని చిత్రసూత్రం క్షయవృద్ధి పేరుతో చర్చించింది కనుక, ఆ జ్ఞానం ఈ దేశానికి కొత్తది కాదు. సిద్దిపేట జిల్లా చేర్యాల నకాషీ చిత్రకారులు చింతగింజల అంబలి, సుద్దమట్టి పట్టించిన బట్టపై, ఎర్రని నేపథ్యంలో, అడ్డపట్టీలుగా విభజించి కథను గీస్తారు. పద్మశాలీల ముందు మార్కండేయ పురాణం చెప్పే కూనపులివారు ఆ పటాన్ని ఒక్కొక్క పట్టీగా విప్పుతూ పాడుతుంటే, ఒకే కథానాయకుడు ప్రతి పట్టీలోను మళ్లీ మళ్లీ కనిపించాలి, దూరంగా కూర్చున్నవారికి కూడా అతడెవరో తెలియాలి, ముఖ్యుడు పరివారం కంటె పెద్దగా ఉండాలి. ఒకే క్షణాన్ని, ఒకే మనిషి నిలబడిన చోటు నుంచి చూపే దృక్పథ రచన ఈ పనులలో దేనినీ చేయలేదు. ఎర్రని నేపథ్యం ఆకారాలను విడదీసి చూపుతుంది, పట్టీల వరుస కాలాన్ని నడిపిస్తుంది, పరిమాణ భేదం ప్రాధాన్యాన్ని తెలుపుతుంది. పాఠ్యపుస్తకం చెప్పే వైరుధ్యం, లయ, ప్రాధాన్యం మూడూ అక్కడ పూర్తి స్థాయిలో పనిచేస్తున్నాయి.

అందువల్ల డ్రాయింగు బోధించే ఉపాధ్యాయులు ఈ పదాలను పరీక్ష కోసం వల్లె వేయించడానికి బదులు, ఒక చేర్యాల పటాన్నో, లేపాక్షి చిత్రం నకలునో, కలంకారీ గుడ్డనో తరగతిలో గోడకు వేలాడదీసి, చూపు మొదట ఎక్కడ ఆగింది, అక్కడి నుంచి ఎటు కదిలింది అని విద్యార్థులను అడిగి, వారి జవాబులు విన్న తర్వాతనే సూత్రం పేరు చెప్పాలి.