ఆ నష్టం ఎవరి లెక్కలో వేయాలి?

వరంగల్‌లోని కొత్తవాడ వీధుల్లో నడిచేవారికి మగ్గం చప్పుడు కొత్త కాదు. నూలు జంపఖానాలకు ఈ పేట ఎంతో కాలంగా పేరు పొందినది. 1851లో లండన్‌లో జరిగిన మహా ప్రదర్శనలో వరంగల్ తివాచీలను ఉంచారు. 2018లో వరంగల్ జంపఖానాకు భౌగోళిక గుర్తింపు లభించింది. అయితే ఎంత పేరున్న సరుకైనా లారీ ఎక్కిన తరువాత వానకు, కొక్కేనికి, ఎలుకకు దాని గొప్పతనం తెలియదు. అటువంటి ఒక సంగతి మా సంఘంలోనే జరిగింది. అది మాకు నేర్పిన పాఠాన్ని పాఠకులతో పంచుకోవాలని ఈ నాలుగు మాటలు రాస్తున్నాము.

మా సంఘంలో ఒక నేత కుటుంబం ఉంది. భార్యాభర్తలిద్దరూ మగ్గం మీద పని చేస్తారు. ఇంటర్ చదివే కుమారుడు సెల్‌ఫోనులో వచ్చే ఆర్డర్లు చూసుకుంటాడు. ఒక వానాకాలంలో కోస్తా పట్టణం నుండి ఒక ఉపాధ్యాయుడు డబ్బు ముందుగానే పంపి రెండు పెద్ద జంపఖానాలు కావాలన్నారు. కుమారుడు వాటిని చుట్టి, గోనెపట్టాలో పెట్టి కుట్టి, లారీ పార్శిల్ ఆఫీసులో వేసి రసీదు తెచ్చాడు.

వారం తరువాత ఆ ఉపాధ్యాయుని దగ్గర నుండి ఫోటోలు వచ్చాయి. ఒక జంపఖానా బాగానే ఉంది. రెండవదానిలోకి నీళ్ళు దిగి, ఎరుపు రంగు తెలుపులోకి పాకింది. అంచు దగ్గర హమాలీ కొక్కెం గుచ్చుకున్న రంధ్రం కనబడుతోంది. "మా ఇంట్లో శుభకార్యం దగ్గరపడింది. దీన్ని ఎలా పరచమంటారు?" అని ఆయన అడిగారు.

కుమారుడు వెంటనే జవాబు పంపాడు. "మేము మంచి సరుకే పంపాము. దారిలో పాడైతే మాకు సంబంధం లేదు. ట్రాన్స్‌పోర్టు వాళ్ళను అడగండి" అన్నాడు. ఆ మాటలో అబద్ధం లేదు. అయినా ఆ రాత్రి తండ్రికి నిద్ర పట్టలేదు. ఆదివారం ఆరాధన ముగిసిన తరువాత భార్యతో కలిసి మా దగ్గరకు వచ్చి సంగతంతా చెప్పాడు. మరొక జంపఖానా నేయాలంటే చాలా రోజుల పని. నూలు అప్పు మీద తెచ్చినది. షావుకారుకు కట్టవలసిన వాయిదా దగ్గరలోనే ఉంది.

మేము మొదట ఇచ్చిన సలహా సరియైనది కాదని ఇక్కడ ఒప్పుకోవాలి. ఆ ఇంటి కష్టం ఎరిగినవారము గనుక, "తమ్ముడూ, ఇందులో నీ తప్పేముంది? ఆ లారీ వాళ్ళే కట్టుకోవాలి" అన్నాము. అప్పుడు అంతవరకు మాట్లాడకుండా నిలబడిన ఆయన భార్య మెల్లగా అన్నది: "అయ్యగారూ, ఆయన పైసలు మా చేతిల పెట్టిండు గని, లారీవోని చేతిల పెట్టలేదు గద."

మేము మరి మాట్లాడలేకపోయాము. ఏళ్ళ తరబడి ప్రసంగాలు చేసిన మాకు తోచని న్యాయం ఆ తల్లికి తోచింది. కొన్నవాడు లారీని చూడలేదు, దాని యజమానిని ఎరుగడు. అతడు నమ్మినది నేసినవారిని. కాబట్టి అతని ఫిర్యాదు మొదట వినవలసినదీ, జవాబు చెప్పవలసినదీ వారే.

ఈ ప్రశ్న ఈనాటిది కాదు. ఒకడు తన పశువును పొరుగువానికి అప్పగించినప్పుడు దానిని మృగము చీల్చితే ఏమి చేయాలో మోషే ధర్మశాస్త్రంలో ఉంది (నిర్గమ. 22:10-13). కాపాడేవాడు చీల్చబడినదానిని సాక్ష్యంగా తెచ్చి చూపిస్తే నష్టం కట్టనక్కరలేదు. ఈ రోజుల్లో మనం పంపే ఫోటోలు అటువంటి సాక్ష్యమే. అయితే అంతకు ముందే, మామ లాబాను మందను కాచిన యాకోబు ఏమి చేశాడో చూడండి. మృగాలు చీల్చినవాటిని అతడు లాబాను దగ్గరకు తేలేదు, ఆ నష్టాన్ని తానే భరించాడు. పగలు దొంగిలించబడినదానికీ, రాత్రి దొంగిలించబడినదానికీ కూడా అతడే లెక్క చెప్పవలసి వచ్చింది (ఆది. 31:39). న్యాయంగా తప్పించుకొనే దారి ఉన్నచోట కూడా బరువు మోసిన మనిషి అతడు.

మన ఓరుగల్లు చరిత్రలోనూ ఇటువంటి మంచి మాట ఒకటి ఉంది. ఇక్కడి నుండి పరిపాలించిన కాకతీయ గణపతిదేవుడు 1244-45లో మోటుపల్లి రేవులో ఒక అభయ శాసనం వేయించాడు. అంతకు ముందు తుఫానుకు దెబ్బతిని ఒడ్డుకు కొట్టుకువచ్చిన ఓడలలోని సరుకును రాజులు స్వాధీనం చేసుకునేవారు. గణపతిదేవుడు ఆ పద్ధతిని మాన్పించాడు. నిర్ణయించిన సుంకం తప్ప మరేమీ తీసుకోమని సముద్ర వ్యాపారులకు మాట ఇచ్చాడు. దారిలో దెబ్బ తిన్నవానిని మరింత దోచుకోకూడదన్నదే అందులోని ధర్మం. ఏడు వందల ఏళ్ళు దాటినా అది మన అంగళ్ళకూ, మన మగ్గాలకూ పనికివచ్చేదే.

ఇంతకీ ఆ కుటుంబం ఏమి చేసింది? ఆ సాయంత్రమే తండ్రి ఉపాధ్యాయునికి స్వయంగా ఫోను చేశాడు. కుమారుడు తొందరపడి రాసినదానికి క్షమాపణ అడిగాడు. "పాడైనదానికి బదులు మరొకటి నేసి పంపమంటే పంపుతాను. డబ్బు తిరిగి కావాలంటే రెండు వాయిదాలలో ఇస్తాను. మీరు ఏది చెప్పితే అది" అన్నాడు. ఆయన కొంతసేపు ఊరుకొని, "శుభకార్యానికి బాగున్నది పరుచుకుంటాను. రెండవది నెల రోజుల తరువాత పంపినా ఫరవాలేదు" అన్నారట. కొత్తది వెళ్ళింది, పాడైనది వెనక్కి వచ్చింది. రెండు వైపులా కిరాయి నేత కుటుంబమే పెట్టుకున్నది. పార్శిల్ వారికి రాతపూర్వకంగా నోటీసు ఇస్తే చాలా రోజులకు కొద్ది మొత్తం మాత్రమే ఇచ్చారు. బుక్ చేసినప్పుడు సరుకు విలువ రసీదులో రాయించకపోవడం వలన అంతకంటే రాలేదు. షావుకారు వాయిదా ఒక నెల వెనుకబడింది. ఉపాధ్యాయుడు మళ్ళీ ఆర్డరు ఇచ్చారా అంటే, ఇంతవరకు ఇవ్వలేదు. మంచి చేసిన ప్రతిసారీ లాభం వస్తుందని మేము చెప్పబోవడం లేదు. ఆ తండ్రికి నిద్ర పట్టిందని మాత్రం చెప్పగలము.

చేతిపని చేసి దూర ప్రాంతాలకు పంపే కుటుంబాలు మన సంఘాలలో ఎన్నో ఉన్నాయి. పెంబర్తి ఇత్తడి పనికి సొట్ట పడవచ్చు, చేర్యాల బొమ్మకు రంగు లేవవచ్చు, పచ్చడి సీసా పగలవచ్చు. ఫిర్యాదు వచ్చినప్పుడు ఏమి చేయాలో మాకు తెలిసినంతవరకు చెబుతాము.

మొదట, అదే రోజు జవాబు ఇవ్వండి. తప్పు ఎవరిదో తరువాత తేల్చుకోవచ్చు. "మీకు ఇలా చేరినందుకు బాధపడుతున్నాము, మీకు నష్టం రానివ్వము" అన్న మాట ముందు వెళ్ళాలి. మృదువైన మాట కోపాన్ని చల్లార్చుతుందని సామెతల గ్రంథం నేర్పుతుంది గదా.

రెండవది, సరుకుతోపాటు పైకట్టు ఫోటోలు కూడా అడగండి. కట్టిన గోనెను, పెట్టెను పారవేయవద్దని, మరకను ఉతకవద్దని చెప్పండి. అడిగే తీరు అనుమానించినట్లు ఉండకూడదు. "పార్శిల్ వారికి చూపించాలి" అని కారణం చెబితే ఎవరూ నొచ్చుకోరు.

మూడవది, బాగుచేయడమా, బదులు పంపడమా, ధర తగ్గించడమా, డబ్బు తిరిగి ఇవ్వడమా అన్నది కొన్నవారినే కోరుకోనివ్వండి. ఒప్పుకున్నది తేదీతో సహా రాసి పంపండి. ఇవ్వలేని మాట ఇవ్వకండి.

నాలుగవది, పార్శిల్ వారిని వదిలిపెట్టకండి. 2007 నాటి రోడ్డు రవాణా చట్టం ప్రకారం సరుకు పాడైన సంగతి బుక్ చేసిన రోజు నుండి 180 రోజులలోగా రాతపూర్వకంగా తెలియజేయాలి. బుక్ చేసేటప్పుడే సరుకు విలువ రాయించండి. కొద్దిగా ఎక్కువ కిరాయి పడినా అది మేలు.

ఐదవది, జరిగినదానిని ఒక పుస్తకంలో రాసుకోండి. ఆ కుటుంబం ఇప్పుడు జంపఖానాను మొదట ప్లాస్టిక్ కాగితంలో రెండు చుట్లు చుట్టి, ఆ పైన గోనె కుడుతున్నది. "కొక్కెం వేయరాదు" అని నాలుగు పక్కలా పెద్ద అక్షరాలతో రాస్తున్నది.

చట్టం సంగతి కూడా తెలిసి ఉండడం మంచిది. 1930 నాటి వస్తు విక్రయ చట్టం ప్రకారం సరుకును రవాణాదారునికి అప్పగిస్తే సాధారణంగా కొన్నవానికి అప్పగించినట్లే. అయితే సరుకుకు తగిన జాగ్రత్తతో రవాణా ఏర్పాటు చేయకపోతే అమ్మినవాడే బాధ్యుడు కావచ్చు. ఇంటర్నెట్ సంతల ద్వారా అమ్మేవారికి 2020 నియమాలున్నాయి. ఫిర్యాదు అందినట్లు 48 గంటలలో తెలియజేసి, నెల రోజులలో పరిష్కరించాలి. లోపమున్న సరుకును వెనక్కి తీసుకోమని అనడానికి వీలులేదు. కొన్నవారు 1915 నంబరుకు ఫోను చేసి సహాయం అడగవచ్చు. 2019 చట్టం ప్రకారం తాము నివసించే జిల్లాలోని వినియోగదారుల కమిషన్‌లోనే రెండు సంవత్సరాలలోగా ఫిర్యాదు చేసుకోవచ్చు.

కొనే పాఠకులకు కూడా ఒక మాట. సరుకు అందుకున్న రోజే విప్పి చూడండి. పైకట్టు తడిసి ఉంటే సంతకం పెట్టే కాగితం మీదనే ఆ సంగతి రాయండి. చిన్న మరకను పెద్దది చేసి చెప్పకండి. మన ఇంట్లో చిరిగినదానిని దారిలో చిరిగిందని అనకండి. కొనేటప్పుడు బాగోలేదని అని, ఇంటికి వెళ్ళి గొప్పలు చెప్పుకునే మనిషి సంగతి సామెతల గ్రంథంలో ఎప్పుడో రాశారు (సామె. 20:14). మీరు చెప్పే ప్రతి మాటకు ఒక ఇంట్లో కొన్ని రోజుల కూలి ఆధారపడి ఉంటుంది.

పౌలు ఫిలేమోనుకు రాసిన చిన్న పత్రికలో, ఒనేసిము వలన కలిగిన నష్టమేదైనా ఉంటే దానిని తన లెక్కలో వేయమన్నాడు. ఆ నష్టం పౌలు చేసినది కాదు. అయినా మధ్యలో నిలిచినవాడు అతడే గనుక తన మీద వేసుకున్నాడు. వెనక్కి వచ్చిన ఆ జంపఖానా ఇప్పుడు ఆ నేత ఇంట్లోనే ఉంది. మేము ప్రార్థనకు వెళ్ళినప్పుడు దాని మీదనే కూర్చుంటాము. రంగు పాకిన ఆ మూల కంటబడినప్పుడల్లా ఆ తల్లి అడిగిన మాట మాకు గుర్తుకు వస్తుంది. డబ్బు ఎవరి చేతిలో పెట్టారో, జవాబు చెప్పవలసినది కూడా వారే.