మీకు తెలుసా? పూత పైన, కాయ కింద!

పల్లికాయ వేరుకు కాస్తుందనుకుంటున్నారా? కానే కాదు! పూత పైనే పూస్తుంది. ఆకుల సందుల్లో చిన్న పసుపు పువ్వు! తెల్లారేసరికి విచ్చుకుంటుంది, పొద్దెక్కాక వాడిపోతుంది. దాని ఆయుష్షు 1 రోజే! వనపర్తి, గద్వాల, నాగర్‌కర్నూల్ వైపు యాసంగి చేలల్లో వంగి చూస్తే చాలు, ఎన్ని కనిపిస్తాయో!

అసలు వింత ఆ తర్వాతే! పువ్వు వాడిన చోట ఊడ పుడుతుంది. చెట్టు పైకి పోతుంటే ఇది తిన్నగా కిందికి వస్తుంది. దాని మొనలోనే కాబోయే గింజలు దాగి ఉంటాయి! సూది దిగినట్టు మట్టిలోకి 5 సెంటీమీటర్ల దాకా దిగుతుంది. అక్కడ ఇంకో మలుపు! నిలువుగా వచ్చిన మొన అడ్డం తిరుగుతుంది. అప్పుడు కాయ ఊరడం మొదలు!

మరి మట్టి అందకపోతే? కాయే లేదు! నేలకు 15 సెంటీమీటర్లకు పైన పుట్టిన ఊడ చాలావరకు గాల్లోనే ఎండిపోతుంది. కాయ ఊరాలంటే చీకటి కావాల్సిందే! అందుకే ఊడలు దిగాక మన రైతులు గుంటక తోలరు. మట్టి కదిలితే ఊడ తెగుతుంది, పంట పోతుంది.

ఇంకోటి వినండి! కాయకు కావాల్సిన కాల్షియం వేరు తెచ్చిపెట్టదు. కాయే తన పొట్టు గుండా మట్టిలోంచి నేరుగా పీల్చుకుంటుంది! కాల్షియం ఉండే జిప్సం ఎకరాకు 200 కిలోలు మొదళ్ల దగ్గర వేసేది అందుకే. గింజ నిండుగా ఉందంటే ఆ పుణ్యం దానిదే!

ఊడలంటే పిల్లలమర్రి గుర్తొచ్చిందా? మహబూబ్‌నగర్ పక్కనే ఉన్న మర్రిచెట్టు! కొమ్మల నుంచి ఊడలు దిగి, నేల తాకి, అవే మానులయ్యాయి. ఒక్క చెట్టు సుమారు 3 ఎకరాలు పరుచుకుంది! తల్లి మాను ఏదో చెప్పండి చూద్దాం!

ఆ చెట్టుకు సెలైన్ కూడా ఎక్కించారు! నిజం! చెదలు పట్టి కొమ్మ విరిగితే 2018లో సీసాలు వేలాడదీసి చుక్కచుక్కగా మందు ఇచ్చారు.

ఊడల సంగతి సరే, మరి వేరుకు కింద ఏదో ఎలా తెలుసు? 1806లో ఇంగ్లండ్‌లో థామస్ నైట్ మొలకెత్తే చిక్కుడు గింజల్ని నీటి చక్రానికి కట్టి గిరగిరా తిప్పాడు. వేళ్లన్నీ బయటికి, మొలకలన్నీ చక్రం నడిమికి తిరిగాయి! నేల లాగే శక్తిని చక్రం విసురుతో మరిపించాడన్నమాట!

వేరు కొస కత్తిరిస్తే? వేరు పెరుగుతూనే ఉంటుంది, కానీ కిందికి వంగడం మరిచిపోతుంది! 1880లో చార్లెస్ డార్విన్ పుస్తకంలో రాసిన సంగతి ఇది.

వేరు కిందికి తిరుగుతుంది సరే, పొద్దుతిరుగుడు ఎప్పుడూ పొద్దుతోపాటు తిరుగుతుందా? లేత వయసులోనే! పూర్తిగా విచ్చిన పువ్వు తూర్పుకే చూస్తూ ఆగిపోతుంది. పొద్దున్నే వెచ్చబడుతుంది. పడమటికి తిప్పిపెట్టిన పువ్వుల కంటే దాని మీద 5 రెట్ల దాకా ఎక్కువ తేనెటీగలు వాలతాయి!

చివరిగా ఒకటి! మెలితిరిగి ఎక్కే తీగల్లో 100లో 90కి పైగా ఒకే వైపు చుట్టుకుంటాయి. పైనుంచి చూస్తే గడియారం ముల్లుకు ఎదురు దిశలో! భూమధ్యరేఖకు అటున్నా ఇటున్నా అదే తీరు! మీ ఇంటి చిక్కుడు పాదు ఎటు చుట్టిందో ఇప్పుడే వెళ్లి చూడండి!