సముద్రం కింద ఇరవై నిమిషాలు

లిఫ్టు తలుపు మూసుకుంటూంటే గుండె ఝల్లుమనేవారూ, సినిమాహాల్లో వరస చివరి కుర్చీ దొరికితేగాని కూర్చోనివారూ ప్రతి కుటుంబంలోనూ ఒకరో ఇద్దరో ఉంటారు. పైకి మాత్రం చెప్పరు. "మెట్లెక్కితే ఒంటికి మంచిది" అంటారు. "మధ్యలో గాలాడదు" అంటారు. ఈ బాధకు క్లాస్ట్రోఫోబియా అని ఇంగ్లీషులో పెద్ద పేరే ఉంది. మన మాటల్లో చెప్పాలంటే మూసిన చోటి భయం.

నేనూ ఆ జాతిదాన్నే. చిన్నప్పుడు దాగుడుమూతలాడుతూ ధాన్యపు కొట్లో దాక్కుంటే, ఎవరో చూసుకోక గొళ్ళెం పెట్టి వెళ్ళారు. పది నిమిషాలకు మించి ఉండవని మా అమ్మ అనేది. నాకు అరవై ఏళ్ళు దాటినా ఆ పది నిమిషాలు నన్ను వదలలేదు.

అటువంటి నాతో, లండనులో ఉన్న మా అమ్మాయి, "అమ్మా, ప్యారిస్ వెళ్ళి పెద్దమ్మను చూసి వద్దాం. రైల్లో రెండుంబావు గంటలే" అంది. మా అక్కయ్యను చూసి ఆరేళ్ళయింది. మోకాళ్ళ నొప్పులతో ఆవిడ కదల్లేదు. వెళ్ళవలసింది నేనే. ఆ రైలు పోయేది సముద్రం కిందుగా!

విమానంలో పోకూడదా అని మీరడగవచ్చు. పోవచ్చు. కాని ఈ భయానికొక గుణముంది. అడిగింది ఇచ్చినకొద్దీ మరొకటి అడుగుతుంది. మొదట నా చేత లిఫ్టు మానిపించింది. తరువాత సినిమా, ఆ తరువాత స్నానాలగది గడియ. ఇవాళ రైలు మానితే రేపు విమానం మానమంటుంది. అప్పుడు అమ్మాయినీ మనవరాలినీ చూసే యోగం కూడా పోతుంది. అందుకని రైలుకే టిక్కెట్లు కొనమన్నాను. ప్రయాణం మూడు వారాలుంది.

సొరంగం సంగతులు

భయపడేదేమిటో తెలుసుకునే భయపడదామని ముందు దాని వివరాలు చదివాను. సముద్రం కింద అనగానే నీళ్ళలో వేలాడే గాజుగొట్టం నా కళ్ళకు కట్టేది. మా మనవరాలూ అంతే. "చేపలు కనిపిస్తాయా అమ్మమ్మా?" అంది.

ఒక్క చేపా కనిపించదు. సొరంగం నీళ్ళలో లేదు. సముద్రపు అడుగు నేలకు ఇంకా సగటున 40 మీటర్ల లోతున, సుద్దా బంకమన్నూ కలిసిన రాతిపొరలో తొలిచారు. ఆ రాయి తొలవడానికి మెత్తన. నీటిని మాత్రం సులభంగా ఊరనివ్వదు. మొత్తం పొడవు 50 కిలోమీటర్లు. అందులో 38 కిలోమీటర్లు సముద్రం కిందే.

పైగా సొరంగం ఒకటి కాదు, మూడు. పోయే బండికొకటి, వచ్చే బండికొకటి, ఆ రెంటి నడుమ చిన్నదొకటి. రైలు సొరంగాల నుంచి నడిమి దానిలోకి ప్రతి 375 మీటర్లకూ ఒక అడ్డదారి ఉంది. పక్కన పొగ పుట్టినా లోపలికి రాకుండా నడిమి సొరంగంలో గాలి ఒత్తిడి ఎక్కువగా ఉంచుతారు. "తలుపు లేదు" అన్నదే కదా మా బోటివాళ్ళ భయం! ఆ 375 అంకెను నేను మంత్రంలా వల్లించాను.

ఈ దారి మాట 1802 లోనే పుట్టింది. మాథ్యూ అనే ఫ్రెంచి ఇంజనీరు సముద్రం కింద దీపాల వెలుగులో గుర్రపుబండ్లు నడపాలనుకున్నాడు. 1880 ప్రాంతాల రెండు ఒడ్డుల నుంచీ తవ్వడం మొదలుపెట్టారు కూడా. శత్రుసైన్యం ఆ దారిన వస్తుందేమోనని జంకి ఇంగ్లండు ఆ పని ఆపించింది. జంకింది నేనొక్కదాన్నే కాదు, అంత సామ్రాజ్యమూ జంకిందన్నమాట! చివరకు 1990 డిసెంబరు 1న అటువారూ ఇటువారూ భూగర్భంలో కలుసుకున్నారు. 1994 మే 6న ప్రారంభోత్సవం జరిగింది.

ప్రమాదాలు జరగలేదా? జరిగాయి. 1996లోనూ 2008లోనూ లారీలను మోసే బండ్లు అంటుకున్నాయి. అందులో ఉన్నవారు నడిమి సొరంగం ద్వారా ప్రాణాలతో బయటపడ్డారు. 2009 డిసెంబరులో మంచు కారణంగా అయిదు ప్రయాణికుల బండ్లు లోపల ఆగిపోయి, రెండువేల మందికి పైగా గంటల తరబడి అవస్థపడ్డారు. అయినా అందరూ బయటికి వచ్చారు. ఇవేవీ దాటవేయకుండా చదివాను. దాటవేసిన సంగతి అర్ధరాత్రి పక్కలో పెద్దదవుతుంది.

ఊపిరి లెక్క

అయితే అంకెలు బుద్ధికి నచ్చుతాయిగాని గుండె వినదు. అమ్మాయి నన్నొక డాక్టరుగారికి చూపించింది. ఆయన ముందుగా గుండె పరీక్ష చేయించి, దానిలో దోషమేమీ లేదని తేల్చాక ఇలా చెప్పారు.

"అపాయమని మెదడు గంట కొట్టగానే ఒంట్లో అడ్రినలిన్ పుడుతుంది. గుండె దడదడలాడుతుంది, ఊపిరి వేగమవుతుంది. అవసరానికి మించి గాలి పీల్చి వదులుతూంటే రక్తంలో బొగ్గుపులుసు వాయువు తగ్గిపోతుంది. వేళ్ళు తిమ్మిరెక్కడం, తల తేలిపోవడం అందువల్లనే. మీకు గాలి చాలక కాదమ్మా ఆ బాధ, ఎక్కువై!"

మందు చాలా చిన్నది. ముక్కుతో నాలుగు లెక్కపెట్టే దాకా పీల్చడం, ఆరు లెక్కపెట్టే దాకా మెల్లగా వదలడం. మరొక మాట కూడా ఆయన చెప్పారు. భయం కెరటం వంటిది. కొద్ది నిమిషాల్లో పైకి లేచి, తరువాత విరుగుతుంది. అది విరిగేదాకా ఉన్నచోటనే ఉండాలి. లేస్తూండగా పారిపోతే, పారిపోబట్టే బతికానని మనసు నమ్ముతుంది.

నిచ్చెన మెట్లు

దక్షిణాఫ్రికాలో పుట్టిన జోసఫ్ వోల్ప్ అనే వైద్యుడు 1958లో ఒక గ్రంథం ప్రచురించాడు. భయపెట్టేవాటిని చిన్నదాని నుంచి పెద్దదాని దాకా వరసగా రాసుకుని, ఒక్కొక్క మెట్టే ఎక్కాలన్న పద్ధతి ఆయన వల్ల ప్రచారంలోకి వచ్చింది. మేమూ నూటికి మార్కులు వేసి జాబితా రాశాం. తలుపు తెరిచి ఉన్న లిఫ్టు: 25. తలుపు మూసిన లిఫ్టు: 50. సముద్రం కింది రైలు: 100.

మొదటివారం లిఫ్టుతోనే సరిపోయింది. తలుపు మూసుకోకుండా అమ్మాయి పట్టుకునేది, నేను లోపల నిలబడేదాన్ని. తరువాత ఒక అంతస్తు, ఆ తరువాత నాలుగు.

రెండోవారం గ్రీనిచ్ వెళ్ళాం. అక్కడ థేమ్స్ నది కిందుగా మనుషులు నడిచే సొరంగముంది. 1902లో కట్టారు, తెల్లపలకలు పరిచిన గొట్టంలా ఉంటుంది. నడిమధ్యకు చేరేసరికి కాళ్ళు వణికాయి. అమ్మాయి చెయ్యి పట్టుకుని ఆరు లెక్కపెడుతూ నిలబడ్డాను. పక్కన పిల్లలు కేకలు వేసి ప్రతిధ్వని వింటున్నారు. 70 మార్కుల భయం 30కి దిగాకే కదిలాను.

మూడోవారం వాపింగ్ నుంచి రాదర్‌హైత్‌కు అదే నది కింద రైలెక్కాను. మార్క్ బ్రునెల్ ఎన్నోసార్లు నీళ్ళు విరుచుకుపడినా 18 ఏళ్ళు శ్రమపడి 1843లో పూర్తిచేసిన సొరంగమది. ప్రయాణం ఒకటి రెండు నిమిషాలే. నాలుగుసార్లు అటూ ఇటూ తిరిగాం.

ఇక అసలు రోజు. నడవా పక్క సీటు తీసుకున్నాను. సెయింట్ పాంక్రాస్ స్టేషను దాటగానే వరసగా సొరంగాలు వస్తాయి. సముద్రానికి ముందే చీకటి అలవాటు కావడం నాకు మేలే అయింది. సముద్రపు సొరంగంలో ప్రవేశించగానే చెవులు కొద్దిగా మూసుకున్నాయి. గంటకు 160 కిలోమీటర్ల వేగం, ఇరవై నిమిషాల ప్రయాణం. భయం రానే వచ్చింది. "రా, కూర్చో" అనుకుని లెక్కపెట్టసాగాను. ఏడెనిమిది నిమిషాలకు కెరటం విరిగింది. అప్పుడు సంచీలోని పులిహోర పొట్లం గుర్తుకొచ్చింది. మేము తింటూండగానే కిటికీ తెల్లబడి, ఫ్రాన్సు పొలాలు కనిపించాయి. చేపలు కనిపించలేదని మనవరాలొక్కతే చిన్నబుచ్చుకుంది.

మా అక్కయ్య నన్ను చూసి, "సముద్రం కిందుగా వచ్చావుటే! కొట్టుగది పేరెత్తితే ఏడ్చేదానివి" అని కళ్ళు తుడుచుకుంది.

తిరుగు ప్రయాణంలో భయం రాలేదని చెప్పను. వచ్చింది, కాని నలభై మార్కులకు దాటలేదు. మీ ఇంట్లో ఇటువంటివారుంటే నవ్వకండి, బలవంతాన తొయ్యకండి, "వద్దులే, ఇంట్లో ఉండు" అని జాలీ పడకండి. డాక్టరుకు చూపించి, కలిసి కూర్చుని జాబితా రాయండి. మొదటి మెట్టు వాళ్ళనే ఎంచుకోనివ్వండి. అది ఎక్కేటప్పుడు పక్కన నిలబడండి.