పది రూపాయల జెండా ఎక్కడికి వెళ్తుంది?

ఏటా డిసెంబరు 7న మన బడిలో ఒక డబ్బా తరగతి తరగతికీ తిరుగుతుంది. అందులో పది రూపాయలు వేస్తే మూడు రంగుల చిన్న జెండా ఒకటి చొక్కాకు అంటిస్తారు. ఎరుపు సైన్యానికి, ముదురు నీలం నౌకాదళానికి, లేత నీలం వాయుసేనకు గుర్తు. 1949 నుంచి జరుగుతున్న సాయుధ దళాల పతాక దినోత్సవం అది. నిరుడు మా తరగతిలో ఒకడు లేచి, "టీచర్, ఈ పది రూపాయలు చివరికి ఎవరికి చేరతాయి?" అని అడిగాడు. మాలో సగం మందిమి సైనికుల పిల్లలమే. అయినా ఒక్కరికీ జవాబు తెలియలేదు. కొంచెం సిగ్గేసింది. అందుకే తెలుసుకుని రాస్తున్నాం.

ఈ నిధిని కేంద్రంలో చూసేది కేంద్రీయ సైనిక్ బోర్డు. దానికి అధ్యక్షుడు రక్షణ మంత్రి. ఆదుకునే దిక్కులేని మాజీ సైనికులకు, వాళ్ల పిల్లల చదువులకు సాయం ఇందులోంచే వెళ్తుంది. ఇంకో భాగం రెండు ఇళ్లకు చేరుతుంది. ఒకటి పూణే దగ్గర ఖడ్కీలో 1974లో మొదలైంది. రెండోది 1978లో పంజాబులోని మొహాలీలో వచ్చింది. వాటిని పారాప్లెజిక్ రిహాబిలిటేషన్ సెంటర్లు అంటారు. వెన్నుపాము దెబ్బతిన్న సైనికులు అక్కడ ఉంటారు. కొందరు కొన్ని నెలలు, కొందరు జీవితమంతా.

వెన్నెముక లోపల వేలెడు లావు నరాల తాడు ఉంటుంది. అదే వెన్నుపాము. అది నడుము దగ్గర దెబ్బతింటే కాళ్లు కదలవు. మెడ దగ్గరైతే చేతులు కూడా కదలవు. ఇంతవరకూ మాకూ తెలుసు. తెలియనిది, స్పర్శ కూడా పోతుందని. మనం బెంచీ మీద కూర్చుంటే తెలియకుండానే అటూ ఇటూ జరుగుతాం, ఒకే చోట ఒత్తిడి పడితే నొప్పి పుడుతుంది కాబట్టి. ఆ నొప్పి తెలియని మనిషికి చర్మం చితికి పుండు పడుతుంది, ఒక్కోసారి ఎముక దాకా వెళ్తుంది. అందుకని మంచం మీద ఉన్నవారిని దాదాపు రెండేసి గంటలకోసారి ఒత్తిగిలించాలి. అర్ధరాత్రి రెండింటికీ, నాలుగింటికీ కూడా. మూత్రం ఎప్పుడు వస్తుందో తెలియదు. అందుకు గొట్టం పెడితే శుభ్రంగా ఉంచాలి, లేకపోతే కిడ్నీలకు ముప్పు.

ఇంట్లో అమ్మా భార్యా చేసుకోలేరా? చేసేవాళ్లున్నారు. కానీ ఎన్నేళ్లు? అమ్మ ముసలిదవుతుంది. పల్లెటూరి ఇంటికి గడపలుంటాయి, స్నానాల గదిలోకి చక్రాల కుర్చీ పట్టదు. ఇంకో సంగతి మనకే బాగా అర్థమవుతుంది. ఉద్యోగం పోతే క్వార్టర్ కూడా ఖాళీ చెయ్యాలి. నల్ల పెట్టెల మీద తెల్ల రంగుతో నాన్న పేరు రాయించుకుని ఊరూరా తిరిగిన కుటుంబానికి, ఎక్కడికి వెళ్లాలన్నది అప్పుడు ఎదురవుతుంది.

అక్కడికి వచ్చేవారంతా యుద్ధంలో తూటా తగిలినవారు కాదు. రోడ్డు ప్రమాదంలో, శిక్షణలో, ఎత్తునుంచి పడిపోయి నడుము విరిగినవారూ ఉన్నారు. ఇరవై రెండేళ్లకే వచ్చినవాడు అక్కడే ముసలివాడు కావచ్చు. ఇలాంటి చోటును ఆసుపత్రి అంటే సరిపోదని మాకనిపించింది. ఆసుపత్రి నుంచి ఇంటికి వెళ్తాం. ఇక్కడ ఇల్లే ఇది. అందుకే ఆటలుంటాయి, పని ఉంటుంది. చేతులు కూడా కదలని కొందరు కుంచె నోట పట్టుకుని బొమ్మలు వేస్తారు.

ఆట అంటే కాలక్షేపం అనుకోకండి. నడుము కింద చలనం లేనివారికి భుజాలే కాళ్లు. కుర్చీ తోసుకోవాలన్నా, మంచం మీదికి ఎక్కాలన్నా బలం వాటిలోనే ఉండాలి. 'చందూ చాంపియన్' సినిమా చూసినవారికి మురళీకాంత్ పేట్కర్ తెలిసే ఉంటారు. సికింద్రాబాదులో శిక్షణ కేంద్రాలున్న ఈఎంఈ దళం జవాను, బాక్సర్. 1965 యుద్ధంలో తూటాలు తగిలి కాళ్లు పడిపోయాయి. 1972లో జర్మనీలోని హైడెల్‌బర్గ్ పారాలింపిక్స్‌లో 50 మీటర్ల ఈతలో బంగారు పతకం తెచ్చారు. పారాలింపిక్స్‌లో మన దేశానికి అదే మొదటి బంగారం.

ఖడ్కీలోనే ఇంకా పాతది ఒకటుంది. మొదటి ప్రపంచ యుద్ధం నడుస్తుండగానే, 1917లో, గాయపడ్డ భారతీయ సైనికులకు చేతిపని నేర్పడానికి పెట్టిన క్వీన్ మేరీస్ టెక్నికల్ ఇన్‌స్టిట్యూట్. బొంబాయిలో మొదలై ఇక్కడికి మారింది. దానికీ బదిలీ తప్పలేదన్నమాట.

ఈ కేంద్రాలకు సైనిక్ బోర్డు అక్కడున్న ఒక్కొక్కరి లెక్కన ఏటా డబ్బిస్తుంది. మిగిలింది దాతలు ఇస్తారు. డబ్బుతో మంచం, మందు, రాత్రి లేచే మనిషి దొరుకుతారు. సొంత ఊరి నుంచి చూడ్డానికి వచ్చే మనిషి మాత్రం రైలెక్కి రావాల్సిందే. శ్రీకాకుళం నుంచి పూణే ఎంత దూరమో అట్లాసులో కొలిచి చూశాం.

ప్రశ్న అడిగినవాడి నాన్నగారికి ఈ ఏప్రిల్‌లో పూణే బదిలీ వచ్చింది. పెట్టెలు సర్దుతున్నారు. కొత్త బడి ఖడ్కీకి ఎంత దూరమో వాడు అప్పుడే కనుక్కున్నాడు. లోపలికి వెళ్లాలంటే ముందుగా ఎవరి అనుమతి తీసుకోవాలో టీచర్‌ని అడుగుతున్నాడు.