వేసవి పరుగు - అర్ధశక్తి సూత్రం

వ్యాయామం ఆరోగ్యదాయకమని అందరమూ అంగీకరిస్తాం. ఏ ఋతువులో ఎంత చేయాలన్నది మాత్రం విస్మరిస్తాం. యాభై మూడవ ఏట ఆ విస్మృతి నన్ను ప్రాణాపాయం అంచుదాకా తీసుకువెళ్ళింది. పాఠకుల మేలు కోరి ఆ అనుభవాన్ని వివరిస్తున్నాను.

2023 మే నెలలో మా విజయనగరంలో ఐదు కిలోమీటర్ల పరుగుపందెంలో పాల్గొన్నాను. ఉదయం ఆరు గంటలకు ఆరంభం కావలసిన పరుగు, అతిథుల రాక ఆలస్యమై ఎనిమిది దాటాక మొదలైంది. 1713లో పునాది పడిన మా కోట ముందు అంతసేపూ ఎండలో నిలబడ్డాం. ఆకు కదలడం లేదు. సముద్రం చేరువ కావడం వల్ల ఇక్కడి గాలిలో తేమ అధికం. చెమట కారుతుందే కాని ఆరదు. ఆరినప్పుడే దేహం చల్లబడుతుంది. ఆరని చెమట వల్ల నీరు, లవణం నష్టపోవడమే మిగులుతుంది.

నిత్యం నడిచేవాడినన్న ధీమాతో వేగంగా పరుగెత్తాను. మూడు కిలోమీటర్లు దాటేసరికి నోరు పిడచకట్టింది. తల తిరిగింది. అంత ఎండలోనూ ఒళ్ళు గగుర్పొడిచి చలి పుట్టింది. ఆగితే నలుగురిలో చిన్నతనమనుకుంటూ అడుగులు తడబడుతుండగా, వాకిట్లో ఉన్న ఒక వృద్ధురాలు "బాబూ, ఇలా నీడలో కూకోండి. పరుగు రేపైనా ఉంటాది" అంది. తలపై నీళ్ళు పోసి, ఉప్పు వేసిన పలుచని చోడి అంబలి కొద్దికొద్దిగా తాగించింది. అరగంటకు తేరుకున్నాను.

బలవంతులు సైతం శీతకాలంలో, వసంతంలో తమ శక్తిలో సగం మేరకే వ్యాయామం చేయాలనీ, ఇతర కాలాల్లో ఇంకా తగ్గించాలనీ వాగ్భటాచార్యుడు అష్టాంగహృదయంలో బోధించాడు. నుదుట, ముక్కుపై చెమట పట్టడం, నోటితో శ్వాస తీయవలసి రావడం అర్ధశక్తికి గుర్తులని ఆయుర్వేద సంప్రదాయం. 2021 టోక్యో ఒలింపిక్స్‌లో మారథాన్‌ను ఎండ భయంతోనే చల్లని సప్పొరో నగరానికి తరలించారు. అక్కడా వేడి తప్పక మహిళల పరుగును ఒక గంట ముందుకు జరిపారు. మహా క్రీడాకారులకే అంత జాగ్రత్త అవసరమైతే మనమెంత?

పాటించవలసిన జాగ్రత్తలు

1. వేసవిలో పరుగెత్తదలచినవారు కనీసం రెండు వారాలు కొద్దికొద్దిగా ఎండకు అలవాటు పడాలి. జ్వరం, విరేచనాలు ఉన్నప్పుడు పరుగు కూడదు.

2. వట్టివేళ్ళు నానవేసిన నీరు, ఉప్పు కలిపిన పలుచని మజ్జిగ, కొబ్బరినీరు హితకరం. రక్తపోటు, మూత్రపిండాల వ్యాధి ఉన్నవారు వైద్యుని అడిగి సేవించాలి.

3. చలి, తలతిరుగుడు, వాంతి తోచగానే పరుగు ఆపి నీడకు చేరాలి.

4. మాట తడబడినా, మతి తప్పినా అది వడదెబ్బ కావచ్చు. వెంటనే 108కు కబురు చేసి, ఒంటిపై చల్లని నీరు పోస్తూ విసరాలి. స్పృహ లేనివారి నోట ఏదీ పోయరాదు. ఇక్కడ గృహవైద్యంతో కాలయాపన ప్రాణాంతకం.

నేను పరుగు మానలేదు. చలికాలపు వేకువలో పరుగెత్తుతాను. వేసవిలో నుదుట చెమట పట్టగానే నడకకు మారుతాను.